జొన్నల ఋణం, రాధ పాలు

తెలుగులో ‘దాయ’ అనే మాటకు నిఘంటువులు రెండు అర్థాలు చెబుతాయి. ఒకటి జ్ఞాతి, రెండవది శత్రువు. బంధువుకూ పగవాడికీ ఒకే మాట పేరు కావడం భాష సరదాకు చేసిన చమత్కారం కాదు. దాయం అంటే తండ్రి సొత్తులో వచ్చే భాగం. దానికి హక్కుదారు దాయాది. మన తెలంగాణా పల్లెల్లో వీళ్ళనే పాలోళ్ళు అంటారు. పాలు అంటే వాటా. వాటా పంచుకొనేవాడు మన వాటాను తగ్గించేవాడు కూడా. ఇంతటి సత్యాన్ని మన రైతులు ఒక్క మాటలో ఇమిడ్చి పెట్టుకొన్నారు. మన పండితులు మాత్రం భారత రామాయణాలలో అన్నదమ్ముల అనుమానాన్ని, భయాన్ని, విశ్వాసాన్ని గురించి వ్రాసేటప్పుడు ఈ మాటను మరచి, మానవ స్వభావమనీ విధి అనీ పూర్వజన్మ కర్మ అనీ పెద్ద పెద్ద కారణాలు వెతుకుతారు.

దీనికి ఎదురుగా మనలో కొందరు మిత్రులు మరొక దారి పట్టారు. ఇవన్నీ రాజుల కథలు, భూస్వామ్య సంస్కృతికి పుట్టిన బిడ్డలు, వీటితో మనకేం పని అని తీసిపారేస్తారు. మొదటి వారు పుస్తకాన్ని పూజిస్తారు, రెండవ వారు మూసివేస్తారు. ఇద్దరూ చదవరు. కాని జనం ఈ కథలను విడిచిపెట్టలేదు. కర్ణుడి పేరెత్తితే ఈనాటికీ మన పల్లెల్లో కళ్ళు చెమ్మగిల్లుతాయి. ఆ కన్నీరు ఎవరికోసమో, దానిని ఎవరు వాడుకొంటున్నారో తేల్చుకోవడం అభ్యుదయ విమర్శకుని పని అని నేను అనుకొంటున్నాను.

మొదట భయం సంగతి చూద్దాం. యుద్ధకాండలో రావణుడు విభీషణునితో ఏనుగుల కథ ఒకటి చెబుతాడు. పద్మవనంలోని ఏనుగులు నిప్పుకు భయపడవట, ఆయుధాలకు భయపడవట, పాశాలకు భయపడవట. తమను పట్టించే తమ జాతి ఏనుగులకే భయపడతాయట. ఆ మాట అన్న కొద్ది సేపటికే విభీషణుడు సముద్రం దాటాడు. అవతలి ఒడ్డున అతనిని చూసి అనుమానించినవాడు సుగ్రీవుడు. ఆపదలో అన్నను విడిచినవాడు రేపు ఎవరిని విడువడు అని అతని ప్రశ్న. అన్నను చంపించి కిష్కింధ ఏలుతున్నవాడు ఈ ప్రశ్న వేయడం వాల్మీకి కథలోని పదునైన వ్యంగ్యాలలో ఒకటి. లంకకు, కిష్కింధకు, అయోధ్యకు తగవు ఒక్కటే: సింహాసనం ఒకటి, అన్నదమ్ములు ఇద్దరో నలుగురో. ‘ఇంటిగుట్టు లంకకు చేటు’ అని సామెత పుట్టించిన తెలుగువారు విభీషణుణ్ణి భక్తునిగా కొలుస్తూనే, అతను చేసిన పనికి ఏ పేరు పెట్టాలో కూడా మరచిపోలేదు.

భారతంలో ఈ భయం ఇల్లు కట్టింది. ఆ యింటి పేరు లక్క యిల్లు. దాయాదులను చంపడానికి కట్టిన ఆ యింటి నుండి పాండవులు తప్పించుకొన్న కథ మనమందరం పిల్లలప్పుడే విన్నాం. విదురుడు మ్లేచ్ఛభాషలో హెచ్చరించడం, సొరంగం తవ్వడం, భీముడు నిప్పు పెట్టడం చెప్పుకొని సంతోషిస్తాం. ఆ రాత్రి ఆ యింట్లో నిద్రిస్తూ కాలిపోయిన నిషాద స్త్రీని, ఆమె అయిదుగురు కొడుకులను గురించి ఎంతమంది చెప్పుకొంటున్నాం? కుంతి పెట్టిన విందుకు వచ్చి, తిని త్రాగి, మత్తులో అక్కడే పడుకొన్న కుటుంబం అది. వాళ్ళు వచ్చింది కాలప్రేరణ వల్ల అని వ్యాసుడు సర్దిచెప్పాడు. కాని అంతకు ముందే, ఆరుగురిని ఇక్కడ ఉంచి మనం ఎవరికీ తెలియకుండా వెళ్ళిపోదామని ధర్మరాజు ఆలోచన చెప్పినట్లు అదే గ్రంథంలో ఉంది. తెల్లవారి ఆ బూడిదను చూసి హస్తినాపురం ఏడ్చింది. ధృతరాష్ట్రుడు ఉత్తరక్రియలు జరిపించాడు. దాయాదుల భయానికి బలి అయినవాళ్ళు దాయాదులు కారు, ఆ యింటితో ఏ పాలూ లేనివాళ్ళు. వాళ్ళకు చివరకు దక్కింది ఇంకొకరి పేరు మీద పెట్టిన పిండం. బెంగాలీ రచయిత్రి మహాశ్వేతాదేవి (1926–2016) ఈ నిషాద స్త్రీ కోడలిని కుంతి ఎదుట నిలబెట్టి కథ వ్రాసింది. ఆ కథకు విత్తనం వ్యాసునిలోనే ఉంది. మనం తీయలేదు, ఆమె తీసింది.

ఇటువంటిదే ఘటోత్కచుని సంగతి. ఆదిలాబాదు అడవుల్లో కోలాములు భీమయ్యక్ పేరుతో భీముణ్ణి కొలుస్తారు. పాండవుల్లో అడవి పిల్లను పెండ్లాడినవాడు భీముడే. ఆ పెండ్లికి హస్తినాపురంలో చోటు దొరకలేదు. హిడింబ అడవిలోనే ఉండిపోయింది. ఆమె కొడుకుకు రాజ్యంలో వాటా లేదు. యుద్ధానికి మాత్రం పిలుపు వచ్చింది. అర్జునుని కోసం కర్ణుడు దాచుకొన్న శక్తిని తన రొమ్ము మీద వేయించుకొని చచ్చాడు. పాండవులు దుఃఖిస్తుంటే కృష్ణుడు ఆనందించాడనీ, కర్ణుడు చంపకపోతే వీణ్ణి నేనే చంపవలసి వచ్చేదని అన్నాడనీ ద్రోణపర్వం చెబుతుంది. విశ్వాసం చూపించేటప్పుడు ఘటోత్కచుడు కొడుకు, పాలు అడిగేటప్పుడు రాక్షసుడు.

ఇటువంటి కథలను కోరి వ్రాయించుకొన్నవాళ్ళు ఎవరు? ఇక్కడ మన జిల్లా చరిత్రను తలుచుకోక తప్పదు. నేడు రాజన్న సిరిసిల్ల జిల్లాలో చేరిన వేములవాడ, 2016 వరకు కరీంనగరు జిల్లాలోనిది. పదవ శతాబ్దంలో అది వేములవాడ చాళుక్యుల రాజధాని. అక్కడ రెండవ అరికేసరి ఆశ్రయంలో 941లో పంపడు కన్నడంలో ‘విక్రమార్జున విజయం’ వ్రాశాడు. పంప భారతమని లోకం పిలిచే కావ్యం ఇదే. నన్నయ భారతానికి ఇది సుమారు ఒక శతాబ్దం పెద్దది. గోదావరికి ఈవలి గడ్డ మీద పుట్టిన ఈ మహాకావ్యాన్ని కన్నడిగులు ఆదికవి కావ్యంగా నెత్తిన పెట్టుకొన్నారు. మనం వేములవాడకు మొక్కు తీర్చుకోవడానికి మాత్రమే వెళుతున్నాం.

అరికేసరి రాష్ట్రకూటులకు సామంతుడు, ఆ వంశపు ఆడపడుచు రేవకనిర్మడిని పెండ్లాడినవాడు. ఆ రాష్ట్రకూట గృహం ఎటువంటిదో ఆ రోజుల తామ్రశాసనాలే చెబుతాయి. నాలుగవ గోవిందుడు అన్న తరువాత సింహాసనమెక్కాడు. ఖంభాత్‌లో దొరికిన అతని 930 నాటి శాసనం, శక్తి ఉండి కూడా ఈ రాజు అన్న పట్ల క్రౌర్యం చూపలేదని పొగుడుతుంది. రాజు అన్నను ఏమీ చేయలేదని రాగి మీద చెక్కించుకోవలసి వచ్చిందంటే, జనం ఏమనుకొంటున్నారో ఊహించడం కష్టం కాదు. ఆ గోవిందుని కోపానికి గురై శరణుజొచ్చిన విజయాదిత్యుణ్ణి అరికేసరి అప్పగించలేదని పంపడు చెబుతాడు. అంతేకాదు, గోవిందుణ్ణి తొలగించి అతని పినతండ్రి బద్దెగునికి రాజ్యం దక్కేటట్లు చేసినవారిలో అరికేసరి ప్రముఖుడు. అంటే అబ్బాయి మీద బాబాయిని నిలబెట్టడానికి ఆ యింటి అల్లుడు కత్తి పట్టాడు. ఆ తరువాత కొద్ది సంవత్సరాలకే అతని సభలో భారతం పుట్టింది.

ఇది వేములవాడకే పరిమితమైన సంగతి కాదు. నన్నయ చేత భారతం మొదలు పెట్టించిన రాజరాజనరేంద్రుడు సవతి తమ్ముడు విజయాదిత్యునితో వేంగి సింహాసనం కోసం చాలాకాలం పోరాడాడు. 1031 ప్రాంతంలో దానిని పోగొట్టుకొన్నాడు కూడా. తిక్కన ఆశ్రయదాత మనుమసిద్ధిని దాయాదులు నెల్లూరి నుండి వెళ్ళగొడితే, తిక్కన స్వయంగా ఓరుగల్లు వచ్చి గణపతిదేవుని సహాయం అర్థించినట్లు ‘సిద్ధేశ్వర చరిత్ర’ కథ. మూడు సభలు, మూడు భారతాలు, మూడు దాయాది తగవులు. భారతం రాజులకు పుణ్యం కోసం కాదు, అవసరం కోసం కావలసి వచ్చింది. ఇంటిలోనివాణ్ణి నమ్మలేని రాజుకు బయటివాడి విశ్వాసం కావాలి. రక్తం ఇవ్వలేని భద్రతను అన్నం పెట్టి కొనుక్కోవాలి. ఆ కొనుగోలుకు స్వామిభక్తి అని పేరు.

ఇప్పుడు పంపడు ఏం చేశాడో చూడండి. అరికేసరిని అర్జునునితో ఏకం చేసి కథ నడిపాడు. అందుకోసం అర్జునుని యింటిని శుభ్రం చేశాడు. ద్రౌపదికి అయిదుగురు భర్తలు లేరు, అర్జునుడొక్కడే భర్త. చివరకు సుభద్రతో కలిసి పట్టం కట్టుకొన్నది ధర్మరాజు కాదు, అర్జునుడే. ఆశ్రయమిచ్చినవాని కోసం ఇన్ని మార్పులు చేసిన కవి ఒక్క చోట మాత్రం తన మనసును దాచుకోలేకపోయాడు. అర్జునుడు నాయకుడైన కావ్యంలో, భారతంలో తలుచుకోదగినవాడెవడంటే కర్ణుడే అని తేల్చాడు. ఆస్థానకవి అంటే భట్రాజు అని తీర్మానించే మిత్రులు ఈ స్థలం దగ్గర కొంచెం ఆగాలి. కవి కలాన్ని రాజు కొన్నాడు, కన్నీటిని కొనలేకపోయాడు.

ఆ కావ్యంలో ప్రసిద్ధమైన ఘట్టం ఒకటి ఉంది. భానుమతి పాచికలాడి ఓడిపోయింది. పందెం ఇమ్మని పట్టుపట్టడంలో ఆమె హారం తెగింది. ముత్యాలు చెదిరాయి. దుర్యోధనుడు ఏ శంకా లేకుండా, ముత్యాలు ఏరి ఇవ్వనా అన్నాడు. అటువంటి రాజును విడిచి మీలో ఎలా కలుస్తానని కర్ణుని మాట. ఆడింది ఎవరితో, హారం ఎవరి చేత తెగింది అని కన్నడ పండితులు ఎంతో చర్చ చేశారు. ఆ చర్చ ఎలా తేలినా ఒక సంగతి మిగులుతుంది. అన్నదమ్ముల వరస అయినవాళ్ళకు సూది మొనంత నేల ఇవ్వనన్నవాడు, స్నేహితుని మీద అణువంత అనుమానం పెట్టుకోలేదు. కారణం కనబడుతూనే ఉంది. కర్ణునికి ఆ రాజ్యంలో పాలు లేదు. వాటా అడగలేనివాణ్ణి నమ్మడం సులభం. పైగా ఆది పర్వంలోనే వ్యాసుడు చెప్పాడు: కర్ణుడు దొరికిన నాడు దుర్యోధనునికి అర్జునుని వల్ల కలిగిన భయం పోయింది. అంటే అంగరాజ్యం ఆ భయానికి కట్టిన వెల. స్నేహం తరువాత పెరిగి ఉండవచ్చు, నిజమైనదే కావచ్చు. విత్తనం మాత్రం భయం.

ఈ విశ్వాసానికి పంపడు వాడిన మాట మన ప్రాంతం వారికి చప్పున అర్థమయ్యే మాట: జోళదపాళి. జోళం అంటే జొన్న. తిన్న జొన్నల ఋణం తీర్చుకొనే ధర్మం అన్నమాట. దక్కనులో యోధుడు తినేది వరి అన్నం కాదు, జొన్న రొట్టె. అందుకే ఋణం జొన్నల పేర పుట్టింది. కవే గాక యోధుడు కూడా అయిన పంపడు అరికేసరి జొన్నలు తిన్నవాడే. కర్ణుని నోట ఆ మాట అంత బరువుగా పలకడానికి అదొక కారణం కావచ్చు. విచిత్రం ఏమంటే, అరికేసరి తన ప్రభువు గోవిందుని జొన్నల ఋణం తీర్చలేదు, ప్రభువునే మార్చాడు. ఋణం ఎగవేసినవాని సభలో ఋణం తీర్చినవాని మీద కావ్యం పాడారు. పైవానికి తాను ఇవ్వని విశ్వాసాన్ని క్రిందివాని నుండి వసూలు చేసుకోవడం ఆనాటి సామంతుని నీతి.

కాని కర్ణుని హృదయంలో ఉన్నది జొన్నల ఋణం ఒక్కటేనా? సంస్కృత భారతం ఉద్యోగపర్వాన్ని జాగ్రత్తగా చదవండి. నీవు కుంతి పెద్దకొడుకువు, వచ్చి రాజ్యమేలుకో అని కృష్ణుడు చెప్పినప్పుడు కర్ణుడు మొదట తలుచుకొన్నది దుర్యోధనుణ్ణి కాదు, రాధను. తనను చూడగానే ఆమె చన్నులకు పాలు వచ్చాయంటాడు. తన మలమూత్రాలు ఎత్తి పెంచిందంటాడు. ఆమె పిండం నేను ఎలా లోపం చేస్తానంటాడు. తరువాత అధిరథుని ప్రేమ, అతను జరిపించిన జాతకర్మ, పెట్టిన పేరు, సూతకులంలో చేసిన పెండ్లిండ్లు, పుట్టిన కొడుకులు, మనుమలు. భూమి అంతా ఇచ్చినా, బంగారు రాసులు పోసినా, సంతోషం వల్ల గాని భయం వల్ల గాని ఈ బంధం అబద్ధం చేయలేనంటాడు. ఇదంతా అయిన తరువాతనే దుర్యోధనుని ఆశ్రయంలో అనుభవించిన రాజ్యం సంగతి వస్తుంది. కుంతి వచ్చినప్పుడు మాత్రం వరస మారింది. తల్లి చేయవలసిన పని నీవు చేయలేదని ముఖం మీదనే అని, ప్రభువు పెట్టిన పిండం తిన్నవారు ఋణం తీర్చవలసిన సమయమిది అన్నాడు. కన్నతల్లి కూడా కొడుకు కోసం రాలేదు, కొడుకుల కోసం వచ్చింది. పెండ్లికాని తల్లిని రాళ్ళతో కొట్టే సమాజపు భయం ఆమెను అన్నేండ్లు మూగదాన్ని చేసింది. యుద్ధభయం ఆ మూగతనాన్ని విప్పింది. అతను ఆమెకు నలుగురిని భిక్షగా ఇచ్చి, ఎట్లయినా నీకు అయిదుగురు మిగులుతారు అన్నాడు. రక్తసంబంధం లెక్కకు దిగింది. రాధ దగ్గర మాత్రం లెక్క లేదు.

కాబట్టి కర్ణునిలో రెండు విశ్వాసాలున్నాయి. ఒకటి చాకిరీ చేసి పెంచిన చేతుల పట్ల, రెండవది పదవి ఇచ్చిన చేతి పట్ల. ఒకటి రాధ పాలు, రెండవది జొన్నల ఋణం. సూతుల యిల్లు విడువనన్న మాట ఆత్మాభిమానం. ప్రభువు అధర్మం చేస్తున్నా విడువనన్న మాట దాస్యం. మన సంప్రదాయం, మన రంగస్థలం, మన సినిమా ఈ రెండింటిని కలిపి ఒకే పాత్రలో పోసి మనకు త్రాగించాయి. 1977లో ఎన్.టి. రామారావు తీసిన ‘దానవీరశూరకర్ణ’ను తీసుకొండి. దానికి పాటలు వ్రాసినవారిలో ఒకరు వేములవాడ పక్కనే హనుమాజీపేటలో పుట్టిన సి. నారాయణరెడ్డి (1931–2017). కులమెక్కడిదని అడిగే ఆ సభాఘట్టం జనానికి ఎందుకు నచ్చిందో నాకు తెలుసు. పుట్టుకను బట్టి మనిషిని కొలిచే దేశంలో ఆ ప్రశ్న అగ్గిపుల్ల వంటిది. కాని చిత్రంలో ఆ నిప్పు చివరకు రాజు పొయ్యి క్రిందనే మండింది. కులాన్ని ధిక్కరించినవాడికి బహుమానం ఇంకొక ప్రభువు నీడ. రాధ యిల్లు తెర వెనుకకు పోయింది.

తరగతిలో కర్ణుని పాఠం చెప్పేటప్పుడు నేను విద్యార్థులను ఒక ప్రశ్న అడుగుతుంటాను: కర్ణుడు ఎవరికి ఋణపడి ఉన్నాడు? దుర్యోధనునికి అని అందరూ ఒక్క గొంతుతో అంటారు. రాధ పేరు చెప్పినవాడు అరుదు. ఆ పిల్లల్లో ఎక్కువమంది కూలి చేసే తల్లుల బిడ్డలే. వాళ్ళ తప్పు కాదు. వాళ్ళకు కథ చెప్పినవాళ్ళు అలా చెప్పారు.

ఇది సాహిత్యంలో మాత్రమే మిగిలిపోయే సంగతి అయితే నేను ఇంత వ్రాయను. జొన్నల ఋణం మన జిల్లాల్లో చాలాకాలం చట్టం కంటె బలంగా నడిచింది. దొర దగ్గర పెండ్లికో చావుకో అప్పు తీసుకొన్నవాడు, గింజలు తిన్నవాడు భగేలా అయ్యేవాడు. అతని కొడుకు ఆ బాకీకి వారసుడయ్యేవాడు. దొర కొడుకుకు దాయం భూమి, జీతగాని కొడుకుకు దాయం అప్పు. 1976లో కేంద్రప్రభుత్వం చేసిన వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం లెక్కపెట్టిన పద్ధతుల్లో భగేలా పేరు కూడా ఉంది. ఆ బాకీకి కాపలా కాసింది కాగితం ఒక్కటే కాదు, నీతి కూడా. తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాడా అన్న మాట చాలు, ఎంత మొనగాడైనా తల దించుకొనేవాడు. ఆ జొన్నలు ఎవరి చెమటతో పండాయని తిరిగి అడగడానికి నోరు రాలేదు.

ఆ నోరు వచ్చిన రోజు కూడా మన గడ్డ మీదనే ఉంది. 1978 సెప్టెంబరులో జగిత్యాలలో రైతుకూలీలు జైత్రయాత్ర జరిపారు. ఊళ్ళలో దొరలను సాంఘికంగా బహిష్కరించారు. తరతరాలుగా గడిలో చాకిరీ చేసినవాళ్ళు ఆ చాకిరీ మానివేశారు. ఆ అక్టోబరులోనే జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను ప్రభుత్వం కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. ఆ ఉద్యమపు దారిని, తరువాతి పరిణామాలను గురించి మనలో భిన్నాభిప్రాయాలు ఉండవచ్చు. సాహిత్య విద్యార్థిగా నాకు కనబడేది ఒక్కటి. విశ్వాసం అక్కడ నశించలేదు, చిరునామా మార్చుకొన్నది. గింజలు కొలిచినవాని నుండి గింజలు పండించినవాని వైపు తిరిగింది. కర్ణుడు దుర్యోధనుణ్ణి విడిచి పాండవులలో కలవడం కాదు ఇది. ఒక దాయాదిని విడిచి ఇంకొక దాయాదిని చేరినందువల్ల రాధకు ఒరిగేదేమీ లేదు. కర్ణుడు రాధ యింటికి వెళ్ళడం ఇది. వ్యాసుడు వ్రాయలేకపోయిన పర్వం అదే.

అన్నదమ్ముల మధ్య నమ్మకమే ఉండదా అని అడిగేవారికి దూరం పోనక్కరలేని సాక్ష్యం ఒకటి చెబుతాను. కరీంనగరు జిల్లా గంగాధర దగ్గర కురిక్యాల బొమ్మలగుట్ట మీద పంపని తమ్ముడు జినవల్లభుడు వేయించిన శాసనం ఉంది. సంస్కృతం, కన్నడం, తెలుగు మూడూ అందులో ఉన్నాయి; తెలుగు కందపద్యాలు ఉన్నాయని మన భాషాభిమానులు దానిని తరచు తలుచుకొంటారు. ప్రాచీన భాష హోదా వాదనలో దానికి పేరు వచ్చింది. నేను దానిని ఇంకొక కారణానికి తలుచుకొంటాను. ఒక తమ్ముడు అన్న కీర్తిని బండ మీద చెక్కించాడు. అన్నను ఏమీ చేయలేదని గోవిందుడు రాగి రేకు మీద చెప్పుకోవలసి వచ్చిన కాలానికి కొద్ది ఏండ్లు అటు యిటుగానే ఈ పని జరిగింది. ఒకే కాలం, ఒకే రాజ్యచ్ఛాయ, ఇద్దరు తమ్ముళ్ళు. స్వభావాలు వేరు కావచ్చు. కాని మొదట వేరైనది వాళ్ళ నడుమ ఉన్న వస్తువు. అక్కడ సింహాసనం ఉంది, ఇక్కడ పద్యం ఉంది. సింహాసనం పంచుకొంటే తరుగుతుంది. పద్యం పంచుకొంటే తరగదు.

మన విద్యార్థులు ఈ కథలను తప్పక చదవాలి. చదివేటప్పుడు మూడు ప్రశ్నలు దగ్గర పెట్టుకోవాలి: ఈ యింటిలో పంచుకోవలసిన సొత్తు ఏది? ఈ భయానికి వెల చెల్లించినదెవరు? ఈ విశ్వాసం వల్ల ఎవరి గాదె నిండింది? ఈ ప్రశ్నలతో చదివితే లక్క యింటి బూడిదలో ఆరుగురి ఎముకలు కనబడతాయి, కర్ణుని కవచం వెనుక ఒక సూతస్త్రీ చేతులు కనబడతాయి. ఆ చేతులకు పడిన బాకీ ఇంకా తీరలేదు.